హాజీగారి తుపాకులకి జగ్గారావుగారి ఇన్సూరెన్స్

జగ్గారావుగారు చచ్చినా అశుభం పలకరు. ఈ వాక్యంలో రెండో మాట వింటే ఆయన చెవులు మూసుకుని, "మొదలుపెడుతూనే అదేం మాటండీ, శుభమా అని!" అంటారు.

దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. ఇంతవరకూ మన అమ్మమ్మలందరూ చేసిందే, ఇందులో వింతేమీ లేదు. వింతంతా ఆయన ఉద్యోగంలో ఉంది. జగ్గారావుగారు బహ్రెయిన్‌లో, మనామా బజారు వెనక సందులో ఉన్న ఒక ఇన్సూరెన్స్ ఏజెన్సీలో ఏజెంటు. మనుషులకి రాగల కష్టాలన్నీ పేరుపేరునా చెప్పి, భయపెట్టి, సంతకం పెట్టించుకోవలసిన ఉద్యోగం. ఆ కష్టాల్లో ఒక్కదాని పేరైనా ఎత్తకుండా ఆయన ఆ ఉద్యోగం ఏళ్ళ తరబడి చేశారు. ఎలా చేశారన్నది షఫీఖ్‌ని అడగాలి.

షఫీఖ్‌ది జగిత్యాల. ఏజెన్సీలో డ్రైవరు. అరబ్బీ, హిందీ గడగడా మాట్లాడతాడు కాబట్టి జగ్గారావుగారికి కారుతో పాటు నోరు కూడా అతనే. కాకినాడ నుంచి వచ్చిన జగ్గారావుగారికి తెలుగూ, ఆఫీసుకి సరిపడా ఇంగ్లీషూ తప్ప మరో భాష రాదు. రాకపోవడమే నయమని షఫీఖ్ అనుకునేవాడు. ఒక్క భాషలోనే మనిషి ఇంత వేపుకు తింటున్నాడు, ఇంకో రెండు వస్తే తను బతికి బట్టకట్టేవాడా?

ఒకసారి మండు వేసవిలో ఇద్దరూ హిద్ అనే ఊరి నుంచి తిరిగొస్తున్నారు. జగ్గారావుగారు కిటికీలోంచి తల బయటపెట్టి, లోపలికి తీసుకుని, "వెనక టైరు కాస్త నీరసించినట్టుందోయ్" అన్నారు. నీరసమే కదా, ఎండకి అందరికీ ఉన్నదే అని షఫీఖ్ అలాగే పోనిచ్చాడు. ముహర్రక్ దాటేసరికి టైరు పీలికలైపోయి, రిమ్ము రోడ్డును దున్నుతోంది.

"పంక్చర్ అని ఒక్క ముక్క చెప్తే ఏమైతుండె సార్!" అని షఫీఖ్ ఎండలో నిలబడి నెత్తి కొట్టుకున్నాడు.

"కదిలే బండిలో కూర్చుని ఆ మాట అంటారటోయ్!" అని జగ్గారావుగారు గొడుగు విప్పి అతని నెత్తిమీద పట్టుకున్నారు.

జీవిత బీమా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక కిరాణా కొట్టాయన ముందు కూర్చుని, "తమరు పూర్ణాయుష్షు అనుభవించి, మనవళ్ళ పెళ్ళిళ్ళు చూసి, ఆ తరవాత ఎప్పుడో తీరిగ్గా పైన ఏదో పని పడి వెళ్ళారనుకోండి" అని మొదలెట్టారు. అనువాదం పూర్తికాకముందే కొట్టాయన చేతులూపేశాడు. తనకి కింద కొట్టే చాలుననీ, పై అంతస్తు కొనే ఉద్దేశం లేదనీ చెప్పి ఇద్దరికీ చెరో సోడా ఇచ్చి పంపేశాడు.

అప్పటినుంచి షఫీఖ్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. జగ్గారావుగారు తెలుగులో పూలు చల్లుతుంటే, తను పక్కన హిందీలో చావు, నిప్పు, దొంగ అని టకటకా చెప్పేసేవాడు. అందుకే ఏజెన్సీ నడిచింది. ఆయన మాత్రం జనం తన మాట తీరుకి మెత్తబడి సంతకాలు చేస్తున్నారనుకునేవారు. ఇది తలుచుకున్నప్పుడల్లా షఫీఖ్‌కి ఒళ్ళు మండేది.

తొంభై ఆరు వేసవిలో ముహర్రక్ నుంచి హాజీ ఇబ్రహీం అనే పెద్దాయన కబురు చేశాడు. వాళ్ళది ముత్యాల వ్యాపారం చేసిన కుటుంబం. వాళ్ళ నాన్న బొంబాయిలో ముత్యాలు అమ్మినప్పటి హిందీ హాజీకి ఇంకా నాలుక మీదే ఉంది. తాత వైపు నుంచి తుపాకులు వచ్చాయి. హాజీ జన్మలో పావురాన్ని కూడా కొట్టి ఎరగడు గాని, తుపాకులంటే ప్రాణం. ఇంటిముందు మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళు కూర్చునే పెద్దగదిలో, గోడనిండా అవే. అన్నిటికీ లైసెన్సు కాగితాలున్నాయి. అన్నిటికన్నా పైన ఉన్నది తాతగారి తుపాకీ. మూతిలోంచి మందు దట్టించే పాతకాలందీ, వెండి పట్టీలు చుట్టిందీ, షఫీఖ్ కన్నా ఎత్తైందీను.

దేశంలో గొడవలుగా ఉన్న రోజులవి. పల్లెల్లో టైర్లు కాలుతున్నాయి, రోడ్డుమీద పోలీసులు బండ్లాపి చూస్తున్నారు. ఇంట్లో ఇన్ని తుపాకులు పెట్టుకుని ఇన్సూరెన్స్ లేకుండా కూర్చోవడమేమిటని హాజీ కొడుకు యూసుఫ్ తండ్రితో పోట్లాడాడు. యూసుఫ్ బ్యాంకులో పనిచేస్తాడు, ప్రతిదానికీ కాగితం ఉండాలనే రకం.

జగ్గారావుగారు దివాను మీద సర్దుకుని కూర్చుని, "హాజీగారితో చెప్పవోయ్. ఎవరైనా ముచ్చటపడి ఒక తుపాకీ పట్టుకెళ్ళారనుకో, మన కంపెనీ చూసుకుంటుందని" అన్నారు.

షఫీఖ్‌కి ఆ రోజు పొద్దున్నించీ చిరాగ్గా ఉంది. ఈయన మాటలకి మెరుగులు నేనెందుకు దిద్దాలి అనుకుని, ఉన్నదున్నట్టు హిందీలోకి దించాడు.

హాజీ ఆశ్చర్యపోయాడు. "ముచ్చటపడితే నేనే చేతికిచ్చి పంపిస్తానయ్యా! ఇంటికొచ్చినవాడు నచ్చిందంటే ఇవ్వకుండా ఉంటామా? మధ్యలో మీ కంపెనీ ఎందుకు?" అని ఊరుకోలేదు. "ఈయనకేదైనా నచ్చిందా ఏమిటి?" అని లేచి, గోడమీంచి ఒక వేట తుపాకీ తీసి జగ్గారావుగారి ఒళ్ళో పెట్టాడు.

జగ్గారావుగారికి ముచ్చెమటలు పట్టాయి. "షఫీఖూ, వద్దని చెప్పు నాయనా. త్వరగా చెప్పు."

"మీరే చెప్పుండ్రి సార్, ముచ్చటగ."

చివరికి షఫీఖే చెప్పాడు. "హాజీ, హరామీ వస్తే, హరామీ!" హరామీ అంటే అక్కడ దొంగ. హాజీకి ఒక్క క్షణంలో బోధపడింది. తుపాకీ గోడెక్కింది.

"ఏదో కటువుగా అన్నట్టున్నావే?"

"మీరన్నదే సార్. జర పొట్టిగ అన్న."

ఆ తరవాత నిప్పు గురించి, "గదిలో ఉక్క మరీ శ్రుతి మించితే" అన్నారు. ఏసీ ఉందిగా అన్నాడు హాజీ. షఫీఖ్ కళ్ళు మూసుకుని తెరిచి, అగ్గిపుల్ల గీసినట్టు అభినయించి, ఆ ముక్కా దాటించాడు. పాలసీ తయారైంది. అందులో ఒక షరతు మాత్రం యూసుఫ్ రెండుసార్లు పైకి చదివాడు. దొంగతనం జరిగితే వెంటనే పోలీసులకి చెప్పాలి, రిపోర్టు లేందే క్లెయిం లేదు. అతను చదువుతున్నంతసేపూ జగ్గారావుగారు పైకప్పు చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు గావా, అంటే అరబ్బుల కాఫీ, కప్పుల్లో తెచ్చి ఇచ్చినవాడు దేవన్న. మెట్‌పల్లి దగ్గర ఊరు. హిద్‌లో రేవు పనికి వచ్చి మోకాలు దెబ్బతింటే, హాజీ తన ఇంట్లోకి తీసుకున్నాడు. ఇంటి వెనక చిన్న గది ఇచ్చాడు. దేవన్న పనల్లా ఆ తుపాకులే. వాటిని దించడం, నూనెగుడ్డతో తుడవడం, మళ్ళీ ఎక్కించడం. సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పుపడుతుంది, రోజూ తుడవాల్సిందే. తెలుగు మాట వినబడగానే అతని మొహం వికసించింది. "దుబాయికొచ్చి ఇన్నేండ్లకు ఈ ఇంట్ల తెలుగు ఇన్న సార్" అన్నాడు. బహ్రెయిన్‌ని కూడా అతను దుబాయి అనే అంటాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఏజెన్సీకి ఫోను మోగింది. యూసుఫ్. తాతగారి తుపాకీ గోడమీద లేదు. పొద్దున హాజీ మసీదుకు వెళ్ళేటప్పుడు ఉంది, తిరిగొచ్చేసరికి లేదు. క్లెయిం ఫారం పట్టుకుని వెంటనే రమ్మన్నాడు.

"సార్, తుపాకీ దొంగతనం అయ్యింది" అన్నాడు షఫీఖ్.

"ష్! గోడమీద కనబడటం లేదన్నారు. అంతేగా?"

"ఆహా, షికారుకు పోయింటది!"

"వెళ్ళుండొచ్చు" అన్నారు జగ్గారావుగారు, చొక్కా టక్ చేసుకుంటూ.

ముహర్రక్ వెళ్ళే వంతెన మీద పోలీసులు కారాపి చూసి వదిలారు. ఆ రోజుల్లో ఒక తుపాకీ కనబడటం లేదంటే అది ఇంట్లో కూర్చుని తేల్చుకునే సంగతి కాదు. ముందు పనివాళ్ళని పట్టుకుపోతారు, తరవాత ప్రశ్నలడుగుతారు. ఆ ఇంట్లో పనివాడు ఒక్కడే.

వీళ్ళు వెళ్ళేసరికి మజ్లిస్ తలుపు దగ్గర దేవన్న నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. యూసుఫ్ అటూ ఇటూ తిరుగుతున్నాడు, చేతిలో ఫోను రిసీవరు. హాజీ దివాను మీద కూర్చుని ఖాళీ మేకుల వంక చూస్తున్నాడు.

"అడిగాను. దొంగతనం చేశావా అంటే చేయలేదంటాడు" అన్నాడు యూసుఫ్. "ఇంకెవడు చేస్తాడు? తాళంచెవి వీడి దగ్గరే. ఫారం నింపండి, నేను పోలీసులకి ఫోను చేస్తాను."

షఫీఖ్ ఫారం తీసి దివాను మీద పెట్టాడు. కారణం అన్నచోట రెండు గడులున్నాయి. దొంగతనం, పోగొట్టుకొనుట. ఏదో ఒకదానికి టిక్కు పెడితే చాలు. కలం జగ్గారావుగారి చేతికిచ్చాడు. ఆయన కలం మూత తీశారు, చూశారు, మళ్ళీ పెట్టేశారు.

"హాజీగారి ఆరోగ్యం ఎలా ఉందో అడుగు."

"సార్!"

"అడుగు నాయనా. పెద్దాయన మొహం వాడిపోయింది."

షఫీఖ్ పళ్ళు నూరుకుంటూ అడిగాడు. అల్హందులిల్లా అన్నాడు హాజీ నీరసంగా. జగ్గారావుగారు గావా అడిగారు. గావా వచ్చింది. ఒక కప్పు తాగారు, ఇంకో కప్పు పోయించుకున్నారు. యూసుఫ్ గడియారం చూసుకుని, రిసీవరు ఎత్తి, దించి, ఈయన ఏజెంటా చుట్టపుచూపుగా వచ్చాడా అని అరబ్బీలో అడిగాడు. షఫీఖ్‌కి తల కొట్టేసినట్టైంది.

"సార్, మీ కాళ్ళు మొక్కుత" అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్క టిక్కు. నోటితోని అనొద్దు, చేతితోని పెట్టుండ్రి. యల్లా, పెట్టుండ్రి."

"చేతికి మాత్రం పట్టింపు ఉండదటోయ్?" అని జగ్గారావుగారు కప్పు కింద పెట్టి, తలుపు వైపు తిరిగారు. "ఏం దేవన్నా, భోంచేశావా?"

ఈ ప్రశ్నకి షఫీఖ్ నిజంగానే నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. యూసుఫ్‌కి తెలుగు రాకపోవడం ఒక్కటే ఆ రోజు జరిగిన మంచి అనుకున్నాడు.

దేవన్న "లేదు సార్. ఒక్కపొద్దు" అన్నాడు.

"ఒక్కపొద్దా? ఏం విశేషం?"

"రేపు దసర గద సార్."

"అవునవును, నేనే మరిచిపోయా" అన్నారు జగ్గారావుగారు. ఖాళీ మేకుల వైపు గడ్డం ఎత్తి చూపి, పక్కింటాయన క్షేమం అడిగినట్టు అడిగారు. "మరి పెద్దాయన ఎక్కడున్నారు?"

దేవన్న ఇంటి వెనక వైపు చూశాడు. "నా అర్రల ఉన్నడు సార్. పీటమీద."

షఫీఖ్ నెత్తిమీంచి చేతులు దించేశాడు.

"ఇంటికాడుంటే నాగలికి, గడ్డపారకు పూజ చేస్తుంటిమి సార్" అని దేవన్న గబగబా చెప్పుకొచ్చాడు. అంతసేపూ లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "చేతిల ఏ పనిముట్టు ఉంటే దానికి చెయ్యాలె. ఈడ నా చేతిల ఉన్నయి గివే. హాజీ బాబా కూసునే కాడ పసుపు, కుంకుమ పెడితే బాగుండదని పెద్దదాన్ని ఒక్కదాన్ని నా అర్రకు తీస్కపోత. తెల్లారి కొబ్బరికాయ కొట్టి, తుడిచి, మళ్ళ ఎక్కిస్త. ఏటేట చేస్తున్న. పండుగప్పుడు బాబా ఊళ్ళె ఉండకపోతుండె, ఎన్నడు చూడలె. ఈయేడు ఉన్నడు."

"మరి గంట సేపటిసంది అడుగుతుంటే చెప్పవేంది అన్నా!" అని షఫీఖ్ మండిపడ్డాడు.

"ఆయిన దొంగతనం చేసినవా అని అడిగిండు. చెయ్యలె అన్న. ఇంకేం అడుగలె. ఇగ ఆ మాట వచ్చినంక నా అర్రల ఉన్నదంటే ఏమంటరు భాయ్? నువ్వే చెప్పు."

యూసుఫ్ షఫీఖ్ వంకే చూస్తున్నాడు, ఏమంటున్నాడు వీడు అని. మామూలు పద్ధతిలో అయితే మూడు ముక్కల్లో తేలిపోతుంది. తుపాకీ వీడి గదిలోనే. ఆ మూడు ముక్కలు చెప్పగానే యూసుఫ్ ఏం చేస్తాడో షఫీఖ్‌కి తెలుసు. పోలీసులు, జైలు, ఆపైన వీసా ఖలాస్. జీవితంలో మొదటిసారి అతనికి జగ్గారావుగారి భాష కావలసొచ్చింది, అదేమో అతనికి రాదాయె.

అతను కొడుకును వదిలేసి హాజీ వైపు తిరిగాడు. చెమట తుడుచుకుని, ఒక్కొక్క మాటే ఏరుకుంటూ మొదలెట్టాడు. "హాజీ, మా దేశంలో ఒక పండగుంది. ఏ పనిముట్టు వల్ల అన్నం దొరుకుతుందో, దాన్ని ఆ రోజు పనికి వాడరు. శుభ్రం చేసి, ఎత్తైన చోట కూర్చోబెట్టి, దేవుడికి దండం పెట్టుకుంటారు. దేవన్నకి అన్నం పెట్టేది మీ తుపాకులు. వాటిలో పెద్దాయన్ని తన గదికి పిలుచుకున్నాడు. రేపు తిరిగొస్తారు." చెప్పడం అయ్యాక తనే ఉలిక్కిపడి జగ్గారావుగారి వంక చూశాడు. ఆయన గావా తాగుతున్నారు.

"అడక్కుండా తీసుకెళ్ళాడన్నమాట!" అని యూసుఫ్ లేవబోయాడు. హాజీ చెయ్యెత్తి ఆపి, కర్ర పట్టుకుని, ఇంటి వెనక్కి నడిచాడు. అందరూ వెంట నడిచారు.

గదిలో మంచం నిలబెట్టి చోటు చేసి ఉంది. పీటమీద కొత్త తువ్వాలు, దానిమీద తుపాకీ. గొట్టానికి పసుపు, వెండి పట్టీలకి వరసగా కుంకుమ బొట్లు. హాజీ తోటలోని గన్నేరు పూలే దండ కట్టి వేసి ఉన్నాయి. వెండి ఎంత మెరుస్తోందంటే, గోడమీద ఉన్నప్పుడు అది వెండని షఫీఖ్ అనుకోనే లేదు.

హాజీ కర్రమీద వంగి తుపాకీని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశాడు. దేవన్న తలుపుకి అతుక్కుపోయాడు.

"మా తాత పడవలు బయల్దేరే రోజున దీన్ని గాల్లోకి పేల్చేవాడట" అన్నాడు హాజీ చివరికి. "ఆయన పోయాక దీన్ని ఎవరూ దేనికీ పిలవలేదు." ఆ తరవాత గొంతు మార్చి, కర్రతో నేల పొడిచాడు. "ఈ బొట్లూ అవీ మాకు నచ్చవు, నీకు తెలుసు. రేపు పొద్దున ఒక్క మరక లేకుండా తుడిచి గోడకి ఎక్కించు. వచ్చే ఏడు నాతో చెప్పి తీసుకెళ్ళు. లేకపోతే ఈ కర్ర నీ వీపున పడుతుంది."

"సరే బాబా" అన్నాడు దేవన్న ఏడుస్తూ, నవ్వుతూ. యూసుఫ్ లోపలికెళ్ళి రిసీవరు సరిగ్గా పెట్టేశాడు.

కారెక్కి వంతెన దాటాక షఫీఖ్ ఉండబట్టలేక అడిగాడు. "మీకు ముందే తెల్సా సార్?"

"నాకేం తెలుసోయ్! గోడమీద లేదంటే ఇంకెక్కడో ఉంటుందని మాత్రం తెలుసు."

"మరి ఆ మాటంటే ఎందుకు గంత భయం మీకు?"

జగ్గారావుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. "మా చిన్నప్పుడు ఇంట్లో ముత్తెమ్మ అని పనిమనిషి ఉండేది. ఒకరోజు వెండి చెంబు కనబడక మా అమ్మ ఆ మాట అనేసింది. చెంబు నూతిలో దొరికింది. ముత్తెమ్మ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. చూడు నాయనా, ఆ మాట నోట్లోంచి వచ్చాక గాల్లో ఉండదు. ఎవడో ఒకడు దొంగ కావాల్సిందే. ఈ ఊళ్ళో అందరికన్నా దగ్గరగా దొరికేది మనవాళ్ళే."

కాని షఫీఖ్ ఇన్నేళ్ళ చిరాకు అంత తేలిగ్గా వదులుకునే మనిషి కాదు. "బాగనే ఉంది సార్. మరి టైరు పంక్చరైతే పంక్చర్ అనరేంది? దాంట్ల ఎవరు దొంగ?"

"చిన్న మాటల దగ్గర సాధన చేస్తేనే కదటోయ్, పెద్ద మాట దగ్గర నాలిక ఆగేది!"

ఆ జవాబుకి నవ్వాలో, కారాపి దిగిపోవాలో షఫీఖ్‌కి తెలియలేదు.

మరుసటి ఏడు వేసవిలో పాలసీ మళ్ళీ రాయించుకోవడానికి హాజీయే ఏజెన్సీకి వచ్చాడు. అన్నీ పాతవే ఉంచమన్నాడు గాని, సామాను ఉండే చోటు అన్న దగ్గర ఒక ముక్క కలపమన్నాడు. మజ్లిస్, ఏడాదికి ఒక్క రోజు మాత్రం దేవన్న గది. తాతగారికి అక్కడున్నప్పుడు కూడా ఇన్సూరెన్స్ ఉండాలట. కొబ్బరికాయ కొట్టేటప్పుడు చిప్ప ఎగిరి వెండికి తగిలితే కంపెనీ ఇస్తుందో ఇవ్వదో, అది కూడా స్పష్టంగా రాయమన్నాడు.

ఈ సంగతి మేనేజరుకి ఎలా చెప్పాలో తెలియక జగ్గారావుగారు షఫీఖ్ వంక చూశారు. షఫీఖ్ నిట్టూర్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "నేను చెప్త ఉండుండ్రి సార్. మీరు నడుమ మాట్లాడకుండ్రి" అన్నాడు.